ఒక నూలు ఎరుపు

ముప్పై రెండేళ్ళు
అప్పడం చుట్టూ బొమ్మలేశాను.
అది నూనెలో పడి తనంతట తనే పొంగుతుంది.
నేను వేసింది పళ్ళతో చించి
పొయ్యి పక్కన పడేస్తారు.

బరంపురం, గిరి రోడ్డు, మేడమెట్ల కింద గది.
మొదట బ్రష్షు, తర్వాత స్క్రీను,
తర్వాత ఎవడో కటకం నుంచి తెచ్చిన దొంగ సీడీ.
పిల్లాడి స్కూలు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
ప్రింటింగు, అని రాశాను.
ఇప్పుడు దాన్నే బ్రాండింగు అంటున్నారు.

సాహు గారి మొదటి ప్యాకెట్టు మీద
ఒడియా, తెలుగు పక్కపక్కనే నిలబడ్డాయి,
ఒకటి గొడుగేసుకుని,
ఒకటి తలకట్టు కట్టుకుని.
రెండింటికీ పద్దెనిమిది పాయింట్లు.
కొన్నేళ్ళకి తెలుగు వెనక్కెళ్ళింది. పదకొండు.
బార్‌కోడు వచ్చి చోటడిగింది. ఏడు.
ఎవరూ పొమ్మనలేదు,
కొంచెం జరగమన్నారంతే.
ఏడు పాయింట్ల దగ్గర సిరా నిండి
'ప' కడుపు పూడుకుపోయి 'వ' అవుతుంది.
అప్పడం కాస్తా అవ్వడం అయింది.
ఏం అవ్వడమో ఏ కొట్లోనూ ఎవరూ అడగలేదు.

ముందు వైపు మాత్రం అమ్మాయి ముఖం.
కళ్ళు పాత క్యాలెండరువి,
ముక్కు భూలోకమ్మది.
రోజుకి ఎనిమిది కిలోల పిండి వత్తే ఆవిడకి
ఆ సంగతి చెప్పలేదు, ఇప్పటికీ.

ఠకురాణి యాత్ర ముందు రాత్రి
మిషను మీద దండాసి ఒక్క కునుకు తీశాడు.
ఎరుపు ప్లేటు జరిగింది, ఒక్క నూలు.
నలభై వేల అమ్మాయిలకి
బొట్టు ఎడమ కనుబొమ వైపు జారింది.
సాహు గారు మూడు భాషల్లో తిట్టారు.
పారెయ్యడానికి డబ్బుల్లేక బజారుకి పంపారు.
ఆ ప్లేటుతోనే పదకొండేళ్ళు గడిచాయి.

తర్వాత సంతల్లోకి నకిలీలు దిగాయి.
అదే ముఖం, అదే పసుపు,
బొట్టు మాత్రం సరిగ్గా నడిమధ్యన.
మా చేత కానిది వాళ్ళు చేసి చూపించారు.

పోయిన ఏడు సాహు గారి మనవడు
భువనేశ్వర్ నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చాడు.
లాప్‌టాప్ తిప్పి చూపిస్తూ, తెల్లగా వదిలెయ్యాలి అంకుల్, అన్నాడు,
తెలుపు ఖరీదుగా కనిపిస్తుంది.
మా రోజుల్లో తెల్లగా వదిలితే
సిరా అయిపోయిందనుకునేవారు.
నేనేమీ అనలేదు. బాగానే ఉంది కూడా, నిజం చెప్పాలంటే.
ముఖం ఉంచమని మనవడన్నాడు.
కొత్త మిషను,
బొట్టు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

ఇరవై రోజులు తిరక్కుండా
పర్లాకిమిడి, సోంపేట, ఛత్రపూర్
పెట్టెలు పెట్టెలుగా సరుకు తిరిగొచ్చింది.
చీటీల మీద ఒకటే మాట: డూప్లికేటు.

ఒక ప్యాకెట్టు తీసుకెళ్ళి భూలోకమ్మ చేతిలో పెట్టాను.
పిండి చెయ్యి చీరకి తుడుచుకుని
ఎత్తి పట్టుకుంది, దించింది.
తన ముక్కుని తను పోల్చుకోలేదు.
"ఇది మనది కాదు బాబూ,
బొట్టు సరిగ్గా కూకుంది."

ఆ రాత్రి గదిలో ఒక్కణ్ణే
ఎరుపు పొరని పట్టుకుని
ఎడమకి లాగాను, ఒక నూలు.
దండాసి పోయి నాలుగేళ్ళయింది.
అతని కునుకుని కొలిచి
మిల్లీమీటర్లలో రాసిపెట్టాను,
భువనేశ్వర్ కుర్రాడు చూసి
తప్పనుకుని దిద్దెయ్యకుండా.

ఫైలు తెరిచే ఉంది కదా అని
ప్యాకెట్టు వెనక్కి తిప్పాను.
ఏడుని ఎనిమిది చేశాను.
అడిగితే చూసుకుందాం.
'ప' కడుపు కొంచెం తెరుచుకుంది.